ఫాల్ తడుపుతాం, కాన్వాస్ తడపం

కొత్త చీరకి ఫాల్ కుట్టే ముందు ఏం చేయాలో మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది. రాత్రి నీళ్ళల్లో నానేసి, పొద్దున్నే దండెం మీద ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కుడతాం. తడపకుండా కుడితే మొదటి ఉతుకుకే ఫాల్ కురచై చీర అంచంతా కుచ్చు పట్టినట్టు అవుతుందని అందరికీ తెలుసు. అదే మనం, కుర్తీ కాలర్‌లో వేసే కాన్వాస్‌ని మాత్రం కొట్లో ఎలా మడతపెట్టి ఇచ్చారో అలాగే తెచ్చి, కత్తిరించి అతికించేస్తాం. నేను పదకొండేళ్ళు అలాగే చేశాను.

నా కళ్ళు తెరిపించింది మా తమ్ముడి చొక్కా. వాడి గృహప్రవేశానికని పోచంపల్లి ఇక్కత్ నూలు బట్టతో కుట్టాను. కాలర్ రెండు మొనల దగ్గరా డిజైన్ ఒకేలా వచ్చేందుకు కత్తెర పట్టుకుని గంటన్నర నేల మీద కూర్చున్నాను. ఆ రోజు వచ్చిన వాళ్ళల్లో ముగ్గురు, ఎక్కడ కొన్నావని వాణ్ణి అడిగారు కూడా. వారం తిరక్కుండా మరదలు ఫోన్ చేసింది. "వదినా, చొక్కా ఉతికాను. కాలర్‌కి ఏదో అయింది. ఒకసారి మీరే చూడండి" అంది. వెళ్ళి చూస్తే కాలర్ మీద ఉబ్బులు. ఒకటి రెండు కాదు, బాండీలో పూరీ పొంగబోయే ముందు అక్కడక్కడా బుడిపెలు లేస్తాయే, అచ్చం అలాగ. ఎంత ఇస్త్రీ చేసినా అణిగినట్టే అణిగి మళ్ళీ లేచాయి.

జరిగింది ఇది. లోపల కాన్వాస్ నీళ్ళు తగలగానే ముడుచుకుంది. పైబట్టని నేను ముందే తడిపి ఆరేశాను గనక అది ఉన్నంతే ఉంది. కింద పొర చిన్నదై, పై పొర పెద్దదిగా మిగిలిపోతే ఆ ఎక్కువైన బట్ట ఎటు పోతుంది? జిగురు బలహీనంగా పట్టుకున్న చోటల్లా పైకి లేచింది. తప్పులో సగం నాది, సగం ఆ కాన్వాస్‌ది. ఆ సగాల లెక్కే ఈ అధ్యాయం.

పేర్ల గొడవ

ముందు కొట్లో ఏమని అడగాలో తేల్చుకుందాం. చొక్కా కాలర్, కఫ్, కుర్తీ మెడ, బొత్తాల పట్టీ, జాకెట్టు మెడ, వీటి లోపల బట్ట నిలబడటానికి వేసే పొరని ఒకరు కాన్వాస్ అంటారు, ఒకరు పేస్టింగ్ అంటారు, ఇంకొకరు ఫ్యూజింగ్ అంటారు. కొందరు టైలర్లు అన్నిటినీ కలిపి బక్రం అనేస్తారు. నిజానికి బక్రం వేరు. అది గంజిలాంటిది దట్టించి బిగదీసిన నూలు గుడ్డ. కర్టెన్ పైన కుచ్చుల పట్టీకి, టోపీలకి, పుస్తకాల బైండింగుకి పనికొస్తుంది. దాన్ని జాకెట్టు మెడలో వేస్తే మొదట్లో మెడ కోసుకుపోతుంది, నాలుగు ఉతుకులకి గంజి పోయి గోనెపట్టాలా వేలాడుతుంది. కొట్లో "బక్రం ఇవ్వండి" అంటే మీకు అసలు బక్రమే రావచ్చు. అందుకే నేను పేరు చెప్పను. "కుర్తీ మెడకి, గమ్ముది, నేసిన గుడ్డ" అని అడుగుతాను. ఆ మూడు మాటలతో సగం రకాలు పక్కకి తప్పుకుంటాయి.

అసలు ఈ పొర ఎందుకు? ఒక చేతిరుమాలు తీసుకోండి. అంచు వెంబడి పట్టుకుని లాగండి. సాగదు. ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి. రబ్బరులా సాగుతుంది. దీన్నే టైలర్లు క్రాస్ అంటారు. గుండ్రటి మెడ కత్తిరించామంటే చుట్టూ ఎక్కడో ఒకచోట ఈ క్రాస్ వచ్చి తీరుతుంది. మెడ ఎంత లోతైతే, ఎంత వెడల్పైతే అంత ప్రమాదం. వెనక పాట్ నెక్ పెట్టిన జాకెట్టు మూడు నెలలకే భుజం మీంచి జారిపోతుంటే కొలత తప్పిందనుకుంటాం. చాలాసార్లు కొలత సరిగ్గానే ఉంటుంది, మెడ సాగిపోయి ఉంటుంది. కాన్వాస్ పని ఆ సాగుడుని ఆపడం. గట్టిగా నిక్కబొడుచుకునేలా చేయడం కాదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే కొట్లో మీ చెయ్యి దానంతటదే మెత్తటి రకం వైపు వెళుతుంది.

వేలికి, కంటికి తెలిసేవి

కాన్వాస్ ప్రధానంగా రెండు రకాలు. నేసినది, నేయనిది. నేసినదాంట్లో పడుగూ పేకా కనిపిస్తాయి, మామూలు పల్చటి గుడ్డలాగే ఉంటుంది. నేయనిదాన్ని మన కొట్లలో పేపర్ కాన్వాస్ అంటారు. పోగుల్ని అల్లకుండా, పరిచి, అంటించి, నొక్కి చేస్తారు. జర్మనీలో వైన్‌హైమ్ అనే ఊళ్ళో తోళ్ళ వ్యాపారంతో మొదలైన ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ 1948లో ఇలాంటి నేయని బట్టని ఫ్లీజెలీన్ అనే పేరుతో బట్టల లోపలి పొరగా అమ్మకానికి తెచ్చింది. అంతకు ముందు ఆ పనికి నార గుడ్డ, నూలు గుడ్డ, కోట్లకైతే గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్ వాడేవాళ్ళు. మంచి సూట్లలో ఆ వెంట్రుకల కాన్వాస్ ఇప్పటికీ ఉంది.

పేపర్ కాన్వాస్ చవక. దాన్ని ఎటు తిప్పి కత్తిరించినా సరిపోతుందంటారు, అంచులు పోగులూడవు. చేతిసంచికి, పర్సుకి, పిల్లల ఫ్యాన్సీ డ్రెస్సు కిరీటానికి నేనూ అదే వాడతాను. ఒంటి మీద వేసుకునే బట్టకి మాత్రం నా ఓటు నేసినదానికే. కారణం మీరే చూడొచ్చు. పేపర్ కాన్వాస్ ముక్కని రెండు వేళ్ళ మధ్య పెట్టి, సబ్బు రుద్దినట్టు ఒక నిమిషం రుద్దండి. నాసిరకమైతే నూగు లేచి ఉండలు కడుతుంది. వాషింగ్ మెషిన్‌లో దానికి జరగబోయేది అదే. తర్వాత గట్టిగా మడిచి గోటితో గీసి విప్పండి. తెల్లటి గీత పడి అలాగే ఉండిపోతే, మెడ వంగే చోటల్లా అలాంటి గీతే పడుతుంది. ఈ రెండిటికీ నిలిచిన పేపర్ కాన్వాస్ దొరికితే, సరే, వాడండి. నాకు అరుదుగా దొరికింది.

నేసినదాన్ని చూడటం ఇంకా సులువు. మీరు కుట్టబోయే బట్ట ముక్క ఒకటి పర్సులో పెట్టుకుని వెళ్ళండి. ముక్క లేకుండా కాన్వాస్ కొనడమంటే కాలు తీసుకెళ్ళకుండా చెప్పులు కొనడమే. కాన్వాస్ మీద ఆ ముక్కని పరిచి, రెండూ కలిపి పిడికిలి మీద కప్పండి. పైబట్ట ఎలా జారుతోందో రెండూ కలిసి ఇంచుమించు అలాగే, కొంచెం నిదానంగా జారాలి. పిడికిలి మీద గుడారంలా నిలబడితే అది మీ బట్టకి బరువు. కాన్వాస్ ఎప్పుడూ పైబట్ట కంటే తేలిగ్గానో, మహా అయితే సమానంగానో ఉండాలి. జిగురు పట్టి చల్లారాక అది ఇప్పుడున్న దాని కంటే గట్టిపడుతుందని గుర్తుపెట్టుకోండి. కొట్లో "సరిగ్గా సరిపోయింది" అనిపించినది ఇంటికొచ్చాక అట్టముక్క అవుతుంది.

తర్వాత గుమ్మం దగ్గరికి రండి. ట్యూబులైటు కింద ఏదీ తెలియదు. గుడ్డని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఒకవైపు చిన్న చిన్న చుక్కలు మెరుస్తాయి. అదే జిగురు. ఆ చుక్కలు వరుసగా, ఒకే సైజులో, ఎక్కడా ఖాళీ లేకుండా ఉండాలి. ఒకచోట గుంపుగా, ఒకచోట బోడిగా ఉంటే ఆ బోడి ఉన్న చోటే రేపు ఉబ్బు లేస్తుంది. గోటితో గీకి చూడండి. జిగురు పొడిలా రాలిపోతే వద్దనేయండి. గుడ్డ పసుపు రంగుకి తిరిగి ఉంటే బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉన్నదన్నమాట, అదీ వద్దు. పల్చటి బట్టకి సన్నటి చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్నది కావాలి. పెద్ద చుక్కలది వేస్తే జిగురు కరిగి పైకి దిగి, మీ లేత రంగు మల్‌మల్ కుర్తీ మెడ మీద అమ్మవారు పోసినట్టు మచ్చలు తేలతాయి. మందపాటి ఖాదీకి పెద్ద చుక్కలున్నా ఫరవాలేదు.

రంగు గురించి ఒక్క మాట. ముదురు రంగుకి నల్లది. తెల్లటి పల్చటి బట్ట కింద తెల్లది వేస్తే బయటికి తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, చర్మం రంగుది వేస్తే కలిసిపోతుంది.

కొట్లో సంభాషణ మాత్రం ఎక్కడైనా ఒక్కటే. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో అడిగినా, విజయవాడ వస్త్రలతలో అడిగినా.

"బాబూ, ఇది నీళ్ళల్లో వేస్తే ముడుచుకుంటుందా?"

"ఏం కాదమ్మా, ఫస్ట్ క్వాలిటీ."

ఆ అబ్బాయిని తప్పు పట్టలేం. వాడు అమ్ముతాడు గానీ ఉతకడు కదా. అందుకే అర మీటరు తీసుకుని ఇంటికి రండి. పరీక్షలో నెగ్గితే రెండు మూడు మీటర్లు ఒకేసారి తెచ్చి పెట్టుకోండి. మళ్ళీ వెళ్ళినప్పుడు అదే థాను ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంకొకటి, ధర చూసి రకం తేల్చకండి. నేను కొన్న వాటిల్లో బాగా ఖరీదైనదే మా తమ్ముడి చొక్కాలోకి వెళ్ళింది.

నీళ్ళు, వేడి, బరువు

నేసిన గమ్ము కాన్వాస్‌ని తడపమంటే చాలామంది, జిగురు పోదా అని భయపడతారు. పోదు. అది వేడికి కరిగేది, నీళ్ళకి కరిగేది కాదు. బకెట్‌లో చెయ్యి పెట్టగలిగినంత వేడినీళ్ళు పోసి, కాన్వాస్‌ని మడత మీదే మెల్లగా ముంచి, నీళ్ళు చల్లారేదాకా వదిలేయండి. సబ్బు వద్దు, పిండొద్దు, రుద్దొద్దు. ఎత్తి నీళ్ళు ఓడనిచ్చి, నీడపట్టున దండెం మీద సాపుగా వేయండి. ఆరాక ఇస్త్రీ మాత్రం చేయకండి, ఇస్త్రీ పెట్టెకే అతుక్కుంటుంది. ఆ పెట్టెని గీకి శుభ్రం చేసుకున్న ఒక ఆదివారం నాకు బాగా గుర్తుంది. తడిపే ముందు ఒక మూల పదంగుళాల చదరం పెన్సిల్‌తో గీసుకుని, ఆరాక టేపు పెట్టి చూస్తే అది ఎంత కురచైందో మీకే తెలుస్తుంది. పావు అంగుళం తగ్గినా కాలర్‌లో అది ఉబ్బే.

పైబట్టకీ ఇదే నియమం. మంగళగిరి నూలు, కలంకారీ, ఇక్కత్, ఏదైనా నూలుబట్టని తడిపే కత్తిరించండి. రెండు పొరలూ ముడుచుకునేదేదో కలవక ముందే ముడుచుకోవాలి.

ఇక అతికించడం. ఇక్కడే ఇంట్లో కుట్టే మనకీ, ఫ్యాక్టరీకీ తేడా. రెడీమేడ్ చొక్కా కాలర్ ఎన్ని ఉతుకులైనా పలకలా ఉంటుంది, మనది ఎందుకు ఉండదు? ఫ్యాక్టరీ కాలర్లకి ఎక్కువగా వాడే జిగురు హై డెన్సిటీ పాలిథిలీన్ రకం. ఉతుకులకి గట్టిగా నిలుస్తుంది, కానీ అది పట్టాలంటే ఎక్కువ వేడీ, దాంతోపాటు మెషిన్ ప్రెస్ పెట్టే ఒత్తిడీ కావాలి. మన ఇస్త్రీ పెట్టె ఆ వేడి ఇవ్వొచ్చేమో గానీ ఆ బరువు ఇవ్వలేదు. అలాంటి కాన్వాస్ తెచ్చి ఇంట్లో అతికిస్తే చేతికి అతికినట్టే ఉంటుంది, ఉతికితే ఊడుతుంది. పాలిఅమైడ్ జిగురుది తక్కువ వేడికే పడుతుంది, డ్రైక్లీనింగ్‌కి బాగా ఆగుతుంది. ఈ పేర్లు మన కొట్లలో చెప్పేవాళ్ళు దాదాపు ఉండరు. మీరు చేయాల్సింది ఒక్కటే, ఇంటి ఇస్త్రీ పెట్టెకి పట్టేదో కాదో ముక్క మీద తేల్చుకోవడం.

మంచం మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. చీరకైతే సరిపోతుంది. కాన్వాస్‌కి మెత్తటి పరుపు శత్రువు, మీరు పెట్టిన బరువంతా దూదిలోకి దిగిపోతుంది. గట్టి బల్ల మీద పాత దుప్పటి రెండు మడతలు వేసి, దాని మీద పని చేయండి. కాన్వాస్ జిగురు వైపు పైబట్ట తిరగేసిన వైపుకి తగిలేలా పెట్టి, మీద పల్చటి గుడ్డ తడిపి పిండి పరిచి, ఇస్త్రీ పెట్టెని ఒకచోట పెట్టి ఒంటి బరువు చేతిమీద వేసి నొక్కండి. పన్నెండు, పదిహేను అంకెలు నిదానంగా లెక్కపెట్టండి. జరపకండి. జరిపితే కరిగిన జిగురు మీద గుడ్డ పక్కకి జారి సన్నటి ముడత పడుతుంది, అది ఇక పోదు. ఎత్తి, సగం పాత చోటు మీద పడేలా పక్కన పెట్టి మళ్ళీ నొక్కండి. ఆవిరి ఇస్త్రీ పెట్టెకి అడుగున చిల్లులుంటాయి, ఆ చిల్లుల కింద ఒత్తిడి పడదు, అందుకే ఈ సగం సగం ఎత్తి పెట్టడం. ఇస్త్రీ గుర్తులో ఒక చుక్క అంటే తక్కువ వేడి, రెండు చుక్కలంటే మధ్యస్థం, మూడంటే ఎక్కువ. రెండు చుక్కల దగ్గర మొదలుపెట్టండి. అయ్యాక కదపకుండా పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద ఎత్తి "అంటుకుందా లేదా" అని మూల లాగి చూస్తే అక్కడే ఊడుతుంది. జిగురు బిగిసేది చల్లారేటప్పుడు.

కాన్వాస్‌ని కుట్టు వదిలే మార్జిన్‌లోకి పూర్తిగా రానివ్వకండి. కుట్టు గీత దాటి కొద్దిగా ఉండేలా చుట్టూ తగ్గించి కత్తిరిస్తే కాలర్ తిరగేసినప్పుడు అంచు దుంగలా తయారవదు.

ఇస్త్రీ పెట్టె చూపించకూడని బట్టలు

పట్టు, టిష్యూ, ఆర్గంజా, మగ్గం వర్క్ చేసిన జాకెట్టు ముక్క. వీటి మీద వేడితో, తడితో ప్రయోగాలు వద్దు. పట్టు మీద నీటిచుక్క పడితే మరక కట్టొచ్చు, జరీ నల్లబడొచ్చు, పూసల మీద ఇస్త్రీ పెట్టె ఆనదు. అనుభవమున్న జాకెట్టు టైలర్లు ఇక్కడ ఒక ఉపాయం వాడతారు, కాన్వాస్‌ని పైబట్టకి కాకుండా లైనింగ్‌కి అతికిస్తారు. లైనింగ్ నూలుదే గనక వేడిని భరిస్తుంది. మెడ నిలుస్తుంది, పట్టు మీద చుక్క కూడా కనపడదు. ధర్మవరం పట్టయినా, గద్వాల్ అయినా నేను చేసేది ఇదే.

జిగురే లేని దారి కూడా ఉంది. తడిపి ఆరేసిన టూ బై టూ ముక్కనో, పల్చటి ఆర్గంజానో లోపల పెట్టి చుట్టూ కచ్చా కుట్టు వేసుకుని కుట్టేయడం. పని ఎక్కువ, నిజమే. కానీ ఊడేందుకు జిగురు లేదు, ఉబ్బేందుకు కారణం లేదు. మా అమ్మమ్మ తాతయ్య చొక్కాల కాలర్లలో చిరిగిన పంచె ముక్కలే వేసేది. పిసినారితనం అనుకునేదాన్ని. వంద ఉతుకులు తిన్న పంచెలో ముడుచుకోవడానికి ఇంకేం మిగిలి ఉంటుంది? ఆవిడ కాన్వాస్ కొనకుండానే, బాగా తడిపి ఆరేసిన కాన్వాస్ వాడింది.

అసలు అన్నిటికీ ఈ పొర ఎందుకు? రోజువారీ నూలు జాకెట్టుకి పైపింగ్ చాలు, పిల్లల గౌనుకి సొంత బట్ట పట్టీ చాలు. మే నెల విజయవాడ ఎండలో గమ్ము కాన్వాస్ కాలర్ మెడకి కట్టిన తడి అట్టలా ఉంటుంది. సాగే చోట, బరువు పడే చోట, కాజా కోసే చోట వేయండి. మిగతాది బట్టకే వదిలేయండి.

నా దగ్గర ఒక పాత రూళ్ళ నోటుబుక్కు ఉంది. కొత్త కాన్వాస్ వచ్చినప్పుడల్లా నాలుగంగుళాల ముక్కని అప్పటి పైబట్ట ముక్క మీద సగం మేర అతికించి, మూడుసార్లు మిగతా బట్టలతో పాటు మెషిన్‌లో వేస్తాను. ఆరాక మూల దగ్గర గోటితో లేపి చూస్తాను. తర్వాత దాన్ని పేజీకి పిన్ను కొట్టి, పక్కన తేదీ, ఇస్త్రీ చుక్కలు, ఎన్ని అంకెలు లెక్కపెట్టానో రాస్తాను. మొదటి పేజీలో ఉన్నది తమ్ముడి చొక్కా కాలర్ ముక్క, ఉబ్బులతో సహా.

ఆ చొక్కాని పారేయలేదు. కాలర్ మీద వేడి ఇస్త్రీ పెట్టె పెట్టి, జిగురు కరిగి ఉండగానే కాన్వాస్ ఊడలాగి చూశాను. గుడ్డ వచ్చింది గానీ జిగురు బట్టలోనే ఉండిపోయింది. కాలర్ మొత్తం విప్పేశాను. కొత్త కాలర్‌కి బట్ట చాలలేదు, చైనీస్ కాలర్‌కి సరిపోయింది. లోపల నాన్నగారి పాత పంచె ముక్క రెండు పొరలుగా వేసి కుట్టాను. ఆ మెడ మీద ఇప్పటివరకు ఒక్క ఉబ్బు లేవలేదు. మోచేతుల దగ్గర మాత్రం చిరుగుపట్టింది, ఈ సంక్రాంతికి పొట్టి చేతులు చేసిపెట్టమంటున్నాడు.